ఓదెలు ఉస్తాద్ చెవి

చల్లబడి ఉన్న ఇంజన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక్కోసారి ముందు వైపు నుంచి గరగరమని చప్పుడు వస్తుంది. రెండు మూడు క్షణాలే. ఆ తర్వాత ఇంజన్ ఏమీ ఎరగనట్టు మెత్తగా తిరుగుతుంది. పోయిన నెల మా షెడ్డుకు వచ్చిన ఒక కారు అట్లాగే చేసింది. ఈ కాలపు కార్లలో వాల్వులు తెరుచుకునే వేళ ఒకే తీరుగా ఉండదు. వేగాన్ని బట్టి లోపలి కంప్యూటర్ ఒక చిన్న మీట తిప్పి నూనెను పంపి, వాల్వులను ఆడించే క్యామ్ చక్రాన్ని కాస్త ముందుకో వెనక్కో జరుపుతుంది. మా చిన్న బిడ్డ స్వప్న ఇంజనీరింగ్ చదివి నాతోపాటే షెడ్డు నడుపుతున్నది. ఆమె స్కానర్ తగిలించి చూస్తే టైమింగ్ ఆలస్యమవుతున్నదని తెర మీద కనిపించింది. నూనె పంపే ఆ మీటను అప్పటికే వేరే ఊళ్లో మార్చారట, అయినా చప్పుడు పోలేదు. ఇక క్యామ్ చక్రాన్నీ దాన్ని తిప్పే గొలుసునూ విప్పాల్సిందేనన్నది స్వప్న. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నేను గొలుసు మూత మీద అరచేయి ఆనించి స్టార్ట్ చేయమన్నాను. చేతి కింద అదురు మొదలై, నూనె పైకి చేరినప్పుడు చల్లారినట్టు తెలిసింది. నూనె ఆలస్యంగా వస్తున్నది, అంతే. ఎవరో చిక్కటి నూనె పోశారు. నూనెను వడగట్టే జల్లెడ నిండా మడ్డి. కడిగి, ఆ ఇంజన్‌కు తగిన పలుచటి నూనె పోశాక చప్పుడు పోయింది.

“చెయ్యి పెట్టి ఏం చూసినవ్ బాపూ?” అని అడిగింది స్వప్న. నాకు ఈ పని నేర్పిన మనిషికి చెవులు వినపడేవి కావని, ఆయన చేతితోనే వినేవాడని చెప్పాను. పరాచికమాడుతున్నాననుకొని నవ్వింది. మిగిలింది ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి మొదలుపెడితే నా గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఓదెలు ఉస్తాద్‌ను నేను మొదటిసారి చూసింది హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో, మా బావి గడ్డ మీద. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డ ఏడు నా డిగ్రీ చదువు సగంలో ఆగింది. మళ్లీ తెరిచినా నేను పోలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఇంటి పట్టున ఉండి, బాపు చెప్పిన పని చేస్తూ చేయకుండా తిరుగుతున్నాను. ఆ ఎండాకాలం మా ఆయిల్ ఇంజన్‌ను టౌన్లో విప్పి బిగించి తెచ్చినప్పటినుంచి నల్లటి పొగ కక్కడమే తప్ప నీళ్లు ఎక్కించడం లేదు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి చూసి, పంపు మార్చాలని ఒకరు, పిస్టన్ మార్చాలని ఒకరు చెప్పిపోయారు. మూడో మనిషిగా కరీంనగర్ నుంచి ఓదెలు వచ్చాడు. యాభై దాటిన బక్కపలుచని మనిషి. తెల్లటి ధోవతి, దాని మీద నూనె మరకల ఖాకీ చొక్కా. ఇంజన్ తిప్పమని, పది అడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని, తల ఒక పక్కకు వంచి కండ్లు మూసుకున్నాడు. మా బాపు ఏదో చెప్పబోతే చేయెత్తి ఆపాడు. ఊళ్లో అందరూ పటేలా అని పిలిచే మా బాపు మాటకు అట్లా చేయడ్డం పెట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

కాసేపటికి లేచి, పన్ను తప్పిందన్నాడు. ఇంజన్ పక్క మూత తీయించి, లోపల రెండు పండ్ల చక్రాల మీద ఉన్న సన్నటి గీతలు చూపించాడు. వంగి చూస్తున్నది నేనొక్కడినే కాబట్టి నాకే చెప్పాడు: “గీ గీత గా గీతకు ఎదురు రావాలె. ఒక్క పన్ను పక్కకు వడ్డదనుకో, వాల్వు తెరవాల్సినప్పుడు మూసుకుంటది. ఇంజన్ల ఏదీ ఖరాబు కాలే. యాళ్ల తప్పింది, టైముకు తెరుస్తలేదు, గంతే.” గీతలు ఎదురెదురు పెట్టి బిగించాక మొదటి తిప్పుకే నీళ్లు కాలువలోకి దుమికాయి. ఆ మధ్యాహ్నం ఆయన బస్సు స్టేజీకి నడిచిపోతుంటే నేను వెనకాలే పోయి, నాకు పని నేర్పుతారా అని అడిగాను. ఆయన నవ్వి, మీ బాపు నన్ను కొడుతడు అన్నాడు.

బాపు కొట్టలేదు గాని నెల రోజులు మాట్లాడలేదు. కరీంనగర్‌లో జగిత్యాల పోయే రోడ్డు పక్కన ఓదెలు షెడ్డు. నాలుగు కర్ర గుంజలు, పైన రేకులు, ఒక వేపచెట్టు. నేను పోయిన మొదటి పొద్దున ఆయన నన్ను లోపలికి రానివ్వకుండా నిలబెట్టి చెప్పాడు: “ఊళ్లె నువ్వు నాకు పటేల్‌వే. గీడ గూడ పటేలా పటేలా అనుకుంట తిరిగితే నీకు పని రాదు, నాకు చెప్పరాదు. నీ పేరేంది?” మహేందర్ అన్నాను. ఆ రోజు నుంచి నేను మహేందర్‌ను, ఆయన ఉస్తాద్. మా ఊరి నుంచి ఎవరైనా వచ్చి ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం విని మొహం ముడుచుకుంటే, నాకే గర్వంగా ఉండేది.

ఆయన నేర్పిన తీరు ఇట్లా ఉంటుందని చెప్పడం కష్టం. రెంచీ పట్టడం, వాల్వులు రుద్దడం, వాల్వులను తోసే టాపెట్ల సందు రేకు పెట్టి కొలవడం, ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఆయన నేర్పింది ఆగడం. బండి వచ్చీ రాగానే బానెట్ ఎత్తి చేతులు పెట్టే అలవాటు నాకు. ఆయన నా మోచేయి పట్టి వెనక్కి లాగేవాడు. ముందు వినాలి, ఏం వినపడ్డదో చెప్పాలి. చెప్పాక ఆయన ఒప్పుకునేవాడు కాదు. చెవి ఒక్కటే సాక్షి అయితే చాలదు, ఇంకొక సాక్షి కావాలనేవాడు. టాపెట్ చప్పుడు అనుకుంటే సందు కొలిచి చూడాలి. బేరింగ్ అనుకుంటే ఒక్కొక్క ప్లగ్గు తీగ ఊడబెరికి చప్పుడు మారిందా చూడాలి. రెండు సాక్ష్యాలు కలిసినప్పుడే రెంచీ. కలవకపోతే మళ్లీ మొదటినుంచి. ఆయన చెవి గొప్పదని జిల్లా అంతా చెప్పుకుంటున్న రోజుల్లో ఆ చెవిని ఆయనొక్కడే పూర్తిగా నమ్మలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఒకసారి బాసరలో యాత్రకు వచ్చిన వాళ్ల కారు గోదావరి ఒడ్డున ఆగిపోతే, మా ఇద్దరినీ పిలిపించారు. బాగు చేశాక, వాళ్లు దర్శనం చేసుకొని వచ్చేలోపు ఒకసారి తిప్పి చూద్దామని ఉస్తాద్ కారు తీశాడు. నేను పక్కన కూర్చున్నాను. సన్నటి రోడ్డు, రెండు పక్కలా పొలాలు. వెనక నుంచి ఒక లారీ హారన్ కొడుతున్నది. ఆయన పక్కకు తీయలేదు. లారీ దగ్గరికి వచ్చి, అద్దాలు అదిరేటట్టు హారన్ కొట్టింది. ఆయన తాపీగా, రోడ్డు నడుమనే, ఇంజన్ ఎంత బాగా లాగుతున్నదో నాకు చెబుతున్నాడు. నేను ఆయన చేతి మీద చేయి వేసి స్టీరింగ్ పక్కకు తిప్పాను. లారీ డ్రైవర్ తిట్టుకుంటూ పోయాడు. ఉస్తాద్ కారు ఆపాడు.

“ఏడాదిన్నర అయితుంది” అన్నాడు. “మొదలు కుడి చెవి. ఇప్పుడు రెండోది గూడ. మనిషి ఎదురుంగ ఉంటె మూతి చూసి తెలుసుకుంటున్న. ఎవ్వలకు చెప్పకు మహేందర్. చెవి పోయిందంటె నా షెడ్ల అడుగు పెట్టేటోడు ఉండడు.”

డాక్టర్‌కు చూపించావా అని అడిగాను. హైదరాబాద్‌లో చూపించాడట. ముప్పై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు తిరిగి రావని చెప్పారట. నేను ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట మనసారా ఇచ్చాను. తర్వాత జరిగినదాన్ని బట్టి ఆ రోజు నాకు ప్రేమ లేదనుకోవద్దు.

ఆ రోజు నుంచి ఆయన చెవి నేనే అయ్యాను. బండి వస్తే ఆయన ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని తల వంచేవాడు. నేను బానెట్ అవతల, ఆయనకు ఎదురుగా, బండి తెచ్చిన గిరాకీకి వీపు పెట్టి నిలబడేవాణ్ని. విన్నదాన్ని చప్పుడు లేకుండా పెదవులతో చెప్పేవాణ్ని. టాపెట్. బేరింగ్. సైలెన్సర్ పగులు. ఆయన నా మూతి చూసి, లేచి వచ్చి, ఇంజన్ మీద అరచేయి ఆనించి, కాసేపు కండ్లు మూసుకొని అప్పుడు చెప్పేవాడు. చాలాసార్లు నేను చెప్పిందే. కొన్నిసార్లు తల అడ్డంగా ఊపి ఇంకోటి చెప్పేవాడు. అప్పుడు రెండో సాక్ష్యం చూస్తే ఆయన చేయి చెప్పిందే నిజమయ్యేది. అది ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టుకోలేదు. నేను సరిగ్గా చెప్పినవి మాత్రం బాగా గుర్తుండేవి.

మెల్లమెల్లగా నా లోపల ఏదో పులిసింది. గిరాకీలు ఆయన చెవిని మెచ్చుకుంటుంటే పక్కన నిలబడి నట్లు బిగిస్తూ నేను నవ్వేవాణ్ని. నీ చెవికి దండం ఉస్తాద్ అని ఒక లారీల యజమాని అందరి ముందూ రెండు చేతులూ జోడించాడు. ఆ చెవి నాదే. ఇంటికి పోతే బాపు, ఇంకెన్నాళ్లు ఇంకొకని కింద నూనె తుడుస్తవని అడిగేవాడు. చెప్పుకోవడానికి నాకు ఏమీ లేదు. నేను చేస్తున్నదే బయటకు చెప్పకూడని పని. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో అది మోయడం నాకు చేతకాలేదు.

గోవిందరావు వచ్చింది ఒక వానాకాలం చివర్లో. జైనూర్ దగ్గర కొండ మీది గూడేల నుంచి ఉట్నూరు దాకా టాక్సీ నడిపేవాడు. పాత తెల్ల కారు, దాని తలుపులకు ఎర్ర మట్టి అట్టలు కట్టి ఉంది. నిర్మల్‌లో మెకానిక్కులున్నా, ఉస్తాద్ చెవి గురించి విని ఒక రోజంతా ప్రయాణం చేసి వచ్చానన్నాడు. చీకటి పడకముందే బయలుదేరాలని తొందరలో ఉన్నాడు. షెడ్డులో ఆ మధ్యాహ్నం ఆ లారీల యజమాని ఉన్నాడు, స్కూటర్ తెచ్చిన ఒక బ్యాంకు ఆఫీసర్ ఉన్నాడు, ఇంకో ఇద్దరు టాక్సీల వాళ్లున్నారు.

ఇంజన్ స్టార్ట్ చేశారు. నాకు టకటకమని టాపెట్ల చప్పుడు వినపడింది. పెదవులతో చెప్పాను. ఉస్తాద్ లేచి వచ్చి పై మూత మీద చేయి పెట్టాడు. తర్వాత ఇంజన్ ముందు భాగంలో, గొలుసు ఉండే మూత మీద పెట్టాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. గొలుసు వదులైందన్నాడు. ఆ గొలుసే కింది చక్రాన్నీ క్యామ్ చక్రాన్నీ కలిపి, వాల్వులకు వేళ చెప్పేది. ఇంజన్ ఆపి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కింది చక్రాన్ని రెంచీతో ముందుకూ వెనక్కూ ఆడించమన్నాడు. చక్రం కదిలిన వెంటనే పైన ఆ మూత లోపలి రోటర్ కదిలితే గొలుసు బిగువుగా ఉన్నట్టు. చక్రం కదిలాక రోటర్ ఆగి ఆగి కదిలితే వదులైనట్టు. అయిదు నిమిషాల పని. అదే రెండో సాక్ష్యం.

నేను ఆ మూత తీయలేదు. గొలుసు కాదు, టాపెట్లేనని బయటికే అన్నాను. ఆయన అప్పుడు వంగి ఇంజన్ వైపు చూస్తున్నాడు కాబట్టి నేను మాట్లాడినట్టు తెలియలేదు. మూత తియ్యమని మళ్లీ చెప్పాడు. లారీల యజమాని నవ్వి, ఇద్దరు రెండు తీర్లు చెప్తే ఈ కారాయన ఎవరి మాట నమ్మాలె అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఉస్తాద్ కూడా తలెత్తి చూశాడు.

“ఉస్తాద్‌కు చెవులు వినవడయి” అన్నాను నేను. “మూడేండ్ల సంది వినేది నేనే.”

ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆయన నా పెదవులే చూస్తున్నాడు. ఒక్క మాట కూడా తప్పిపోకుండా ఆయనకు చేరి ఉంటుంది. ఇంజన్ మీది నుంచి చేయి తీసి, భుజం మీది గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. “పటేల్ చెప్పినట్టె చెయ్యుండ్రి” అని, రోడ్డు దాటి ఎదుటి హోటల్‌కు పోయి కూర్చున్నాడు.

ఏడేళ్ల తర్వాత ఆయన నోట పటేల్ అన్న మాట మళ్లీ విన్నాను. అయినా నేను ఆగలేదు. టాపెట్లు బిగించాను. నిజంగానే అవి కూడా కొంత వదులుగా ఉన్నాయి, చప్పుడు సగానికి సగం తగ్గింది. గోవిందరావు తన మరాఠీ కలిసిన మాటలో “బరే భావూ, మంచిగైంది” అని నా భుజం తట్టి పోయాడు. ఆ సాయంత్రం నేను గెలిచినట్టే అనుకున్నాను.

పన్నెండు రోజులకు గోవిందరావు బస్సులో వచ్చాడు. కారు లేదు. నిలబడే చెప్పాడు. జైనూర్ పైన ఒక గూడెంలో సోంబాయి అనే గోండు పిల్లకు తొలి కాన్పు నొప్పులు వచ్చి, కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. భర్త, అత్త కలిసి ఆమెను ఉట్నూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మని గోవిందరావును పిలుచుకున్నారు. పట్టపగలు. ఘాట్ ఎక్కుతుండగా ఇంజన్ ముందు భాగంలో ఏదో కొరికినట్టు చప్పుడై ఆగిపోయింది. ఎంత తిప్పినా ఊరికే తిరిగిందే తప్ప అంటుకోలేదు. దగ్గరి గూడెం నుంచి మంచం తెప్పించి, నలుగురు మోసుకొని నడిచారు. దారిలో ఎడ్లబండి దొరికింది. ఆసుపత్రి చేరేసరికి ప్రొద్దు వాలింది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ఉట్నూరు మెకానిక్ ఇంజన్ విప్పితే గొలుసు పండ్లు జారి, గీతలు ఒకదానికొకటి ఎక్కడో దూరంగా ఉన్నాయట.

గోవిందరావు కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు. “నేను ఎవ్వలను అంటలేను. నాకు ఒక్కటి చెప్పుండ్రి. ఇది ఇక్కడ ఎరుకవడేదా?”

ఆదిలాబాద్ యాస, గుబురు మీసాలు. ఆయన పెదవులు ఉస్తాద్‌కు అంతుపట్టలేదు. అలవాటు ప్రకారం నా వైపు తిరిగాడు. ఆ ప్రశ్నను ఆయనకు చేర్చాల్సింది నేనే. సోంబాయి, కాన్పు, ఘాట్, గొలుసు, బిడ్డ. ఒక్కొక్కటిగా, చప్పుడు లేకుండా, పెదవులతో చెప్పాను. చివరికి ఆ ప్రశ్న కూడా. ఉస్తాద్ నన్ను చాలాసేపు చూశాడు. నేను ఏదైనా అంటానని ఎదురుచూశాడని ఇప్పుడనిపిస్తుంది. నేను అనకపోతే గోవిందరావు వైపు తిరిగాడు.

“ఎరుకవడేది” అన్నాడు. “షెడ్డు నాది. నా చెయ్యి పెట్టి, నేనే తీసిన. తప్పు నాది.”

నేను అక్కడే ఉన్నాను. నా చేతిలో ఏదో నట్టు ఉంది, దాన్ని తిప్పుతూ నిలబడ్డాను. గోవిందరావు ఒకసారి తల ఊపి, బస్టాండ్ వైపు నడిచిపోయాడు.

ఊళ్లో మాట ఇంకో తీరుగా పాకింది. చెవిటి మెకానిక్ చూసిన కారు ఘాట్ మీద ఆగి ఒక పాప చనిపోయిందన్నారు. చెవిటివాడన్న సంగతి బయటపెట్టింది నేను. ఆ కారును బాగు చేసిందీ నేనే. కాని ఆ రెండూ కలిపి చెప్పుకున్నప్పుడు అందులో నా పేరు లేదు. గిరాకీ తగ్గింది. బండి తెచ్చిన ఒకరిద్దరు కూడా నన్నే చూడమనేవారు. ఆయన స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ఆ చూపు ముందు పనిచేయలేక, మా ఊరివాళ్లు కొందరు దుబాయ్ పోతుంటే నేనూ పాస్‌పోర్టు తీసుకున్నాను. చెప్పి వద్దామని పోయినప్పుడు ఆయన నా చేయి పట్టుకొని, మంచిగ పో పటేలా అన్నాడు.

దుబాయ్‌లో పెద్ద గ్యారేజీలో పని. అక్కడ నాకు మంచి పేరే వచ్చింది. నాలుగేళ్ల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు కరీంనగర్ పోయాను. దారి పొడుగునా ఒకే మాట అనుకుంటూ పోయాను: తప్పు నాది ఉస్తాద్, ఆ రోజు చెప్పలేకపోయిన, నన్ను క్షమించు. షెడ్డు సగానికి తగ్గింది. ఇప్పుడు వేరే మెకానిక్కులు పంపిన వాల్వులు రుద్ది ఇవ్వడం, బావి ఇంజన్లు చూడడం, చేతులతో అయ్యే పనులే ఉన్నాయి. నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఆ లారీల యజమాని కూడా ఉన్నాడు. ఉస్తాద్ నన్ను చూసి నవ్వాడు. తెచ్చిన టార్చిలైటు, అత్తరు సీసా ఆయన చేతిలో పెట్టి, దగ్గరగా వంగి, లోగొంతుతో ఆ మాట అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. “గట్టిగ చెప్పు” అన్నాడు.

కూర్చున్నవాళ్లు మా వైపు చూస్తున్నారు. ఇంటి నుంచి అంతదూరం మోసుకొచ్చిన మాట నాలుక మీదనే ఆగిపోయింది. తిన్నవా అని అడుగుతున్న, అని గట్టిగా అన్నాను. ఆయన ఇంకొంచెంసేపు నన్నే చూశాడు. తిన్న, అని చెప్పి, తల వంచి వాల్వు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నేను ఇంకో పది నిమిషాలు కూర్చుని లేచి వచ్చాను.

మళ్లీ పోదామనుకుంటూనే ఉన్నాను. సెలవులు పెండ్లిండ్లకూ పొలం పనులకూ సరిపోయేవి. తొంభైల మొదట్లో దుబాయ్ వదిలి పూర్తిగా వచ్చేసరికి ఉస్తాద్ పోయి ఏడాది దాటింది. ఆయన భార్య రాజవ్వ కొడుకు దగ్గర ఉంటున్నదని తెలిసి పోయాను. నన్ను గుర్తుపట్టి, కూర్చోబెట్టి, చాయ్ పోసింది. నేను ఏమీ అడగకుండానే ఆయన గురించి చెప్పింది. చెవులు పోయిన కొత్తలో రోజూ ఇంటికి వచ్చి, ఈ రోజు మహేందర్ ఇది పట్టుకున్నడు, అది పట్టుకున్నడు అని చెప్పేవాడట. నేను తన కంటే మంచి మెకానిక్‌ను అవుతానని అనేవాడట. తర్వాత ఆమె అన్నది: “నువ్వు దుబాయ్ కెంచి వచ్చిన్నాడు ఇంటికొచ్చి బువ్వ తినలే బిడ్డా. మహేందర్ వచ్చిండు, తప్పైందని అన్నడు, గని నాకొక్కనికే అన్నడు, అని చెప్పిండు. నువ్వు ఏమన్నది ఆయనకు తెలిసింది. ఇన్నేండ్లు నీ మూతి చూసినోడు, తెలువదా?”

ఆయన గట్టిగా చెప్పమన్నది తనకు వినపడడం కోసం కాదు.

ఆ తర్వాతి వారం నేను జైనూర్ పోయాను. గోవిందరావు టాక్సీ మానేసి, బస్సు స్టేజీ దగ్గర చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. మీసాలు నెరిశాయి. కొట్టు ముందు పదిమంది దాకా ఉన్నారు. నేనెవరో చెప్పి, అందరూ వినేటట్టే చెప్పాను. ఆ రోజు గొలుసు వదులైందని ఉస్తాద్ పట్టుకున్నాడు, చూడమన్నాడు, అయిదు నిమిషాల పని నేను చేయలేదు, తర్వాత మీరు అడిగినప్పుడు నోరు మెదపలేదు. గోవిందరావు చేతిలోని తూకపు రాయి కింద పెట్టాడు.

“ఆ ముసలాయన్ని ఇన్నేండ్లు తిట్టుకున్న భావూ” అన్నాడు. “కారు ఎక్కినప్పుడల్ల తిట్టుకున్న. ఆయన ఉన్నడా?”

లేడన్నాను. సోంబాయి ఎట్లా ఉందని అడిగితే, భర్తతో వేరే గూడేనికి పోయిందని, ఇద్దరు పిల్లలున్నారని చెప్పాడు. కలుస్తానంటే వద్దన్నాడు. ఆమె మరిచిపోయిందో లేదో తనకు తెలియదు గాని, నేను పోయి గుర్తుచేయాల్సిన పని లేదన్నాడు. ఆ మాట నిజమేననిపించి తిరిగి వచ్చాను. తిరుగు బస్సులో తేలికగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఉస్తాద్ బతికి ఉన్నప్పుడు ఇదే ప్రయాణం చేసి ఉంటే, గోవిందరావు ఇన్నేళ్ల తిట్లలో కొన్నైనా తగ్గేవి. కరీంనగర్‌లో ఆ నలుగురి ముందు ఒక్క మాట అని ఉంటే, ఆ షెడ్డుకు మళ్లీ బండ్లు వచ్చేవో లేదో నాకు తెలియదు. వచ్చేవేమో.

ఆ ఏడే నేను సొంత షెడ్డు పెట్టాను. అప్పటినుంచి ఒక అలవాటు ఉంది. ఒక బండి జబ్బు నేను తప్పుగా పట్టుకున్నానని తెలిస్తే, దాని యజమానిని షెడ్డు నడుమకు పిలిచి, పనివాళ్లూ మిగతా గిరాకీలూ అందరూ ఉన్నప్పుడే చెబుతాను: ఇది నేను తప్పు చెప్పిన, మీ బండిది కాదు, నా పనివాళ్లది కాదు. కొందరు ఇబ్బంది పడతారు. పక్కనే నిలబడ్డ మనిషికి అంత గట్టిగా ఎందుకని కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు మళ్లీ రాలేదు కూడా. ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను కాబట్టి తేలిక కావాల్సింది. కాలేదు. ప్రతిసారీ మొదటి మాట గొంతులో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం దాటించడం నాకు ఇంకా కష్టంగానే ఉంది.